పాత కొయ్యకు మెరుగు

ఇల్లు కట్టువాడు పునాదిని మట్టిలో దాచును, గోడను సున్నముతో కప్పును, కొయ్యపనిని మాత్రము పదిమంది కంటికి కనబడునట్లు నిలుపును. వాకిలి ద్వారబంధము, దానిపై చెక్కిన చిలుకలు, పద్మములు, పసుపు కుంకుమలతో వెలుగు గడప, వసారాలోని స్తంభములు, వాటిపై వాలిన దూలములు, ఇవన్నియు ఆ యింటివారి అంతస్తును, అభిరుచిని, పనిచేసిన వడ్రంగి చేతి నేర్పును తరతరములకు చెప్పుచుండును.

కూకట్‌పల్లి నేడు మహానగరములో భాగము. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసినది. 2007లో కూకట్‌పల్లి గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. అయినను, హైదరాబాదు నుండి బొంబాయికి పోవు బాటమీద ఇది మట్టిగోడలును పెంకుటిండ్లును గల పల్లెగా ఉండిన కాలము పెద్దలు మరచినది కాదు. అట్టి పల్లెలన్నింటిలోను పాత యిండ్లు పడిపోయినప్పుడు గోడలు మట్టిలో కలియును. కొయ్య మాత్రము పాత కలప దుకాణములకు చేరును. అక్కడ దానిని యంత్రముతో గీకి, క్రొత్తదానివలె చేసి అమ్ముదురు. ఆ గీకుడుతో పోవునది మురికి మాత్రమే కాదు. ఆ కొయ్యమీద నూరేండ్లుగా నిలిచిన చరిత్ర కూడ పోవును. మిగిలిన కొద్ది కొయ్యపనినైన కాపాడుకొనవలె ననుకొనువారు, చారిత్రక భవనములలో ఈ పనిని ఎట్లు చేయుదురో, ఎక్కడ పొరపాట్లు జరిగినవో తెలిసికొనుట అవసరము.

కోఠి రెసిడెన్సీ కథ

హైదరాబాదులో ఇందుకు మొదట స్మరింపదగినది కోఠిలోని రెసిడెన్సీ భవనము. 1798 నుండి 1805 వరకు నిజాము దర్బారున ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉండిన జేమ్సు అకిలీసు కర్కుపాట్రికు దీని నిర్మాణమును 1803లో ప్రారంభించెను. మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన లెఫ్టినెంటు శామ్యూలు రస్సెలు దీనికి రూపకల్పన చేసెను. నాటి ప్రభువు నిజామలీ ఖాన్. కర్కుపాట్రికు మొదట ఒక పెద్ద కాగితముపై స్థలపు పటమును గీయించి చూపగా, అది తన రాజ్యపు పటమంత పెద్దదిగా కనబడుటచే నిజాము ఒప్పుకొనలేదనియు, తరువాత అదే పటమును చిన్న కాగితముపై గీయించి చూపగా సంతోషముతో అంగీకరించెననియు ఒక కథ చెప్పుదురు. కర్కుపాట్రికు హైదరాబాదు ప్రభువంశీకురాలగు ఖైరున్నీసాను వివాహమాడెను. ఆమె నివసించిన రంగమహలు ఆవరణలో ఆమె చూచుటకై పెద్ద మేడ నమూనానొకదానిని కట్టించెనందురు. 1805 అక్టోబరులో అతడు కలకత్తాలో మరణించెను.

మూసీనది ఉత్తరపు దిక్కున నిలిచిన ఈ మేడకు ముందు భాగమున ఎత్తయిన ఆరు స్తంభములు, వెడల్పయిన మెట్లు, ఇరుప్రక్కల సింహములు కలవు. లోపల రెండుగా చీలి పైకి పోవు మెట్లవరుస, అండాకారపు గదులు, చిత్రించిన పైకప్పులు, నిలువుటద్దములు, చెక్కపలకలు పొందించిన నేలగల దర్బారు మందిరము కలవు. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీను నాయకత్వమున ప్రజలు దాడిచేసినది ఈ రెసిడెన్సీ మీదనే.

గ్రంథాలయ పాఠకులకు ఈ చోటుతో మరియొక సంబంధము కలదు. రెసిడెన్సీ చుట్టునున్న బజారు నిజాము ప్రభుత్వపు అధికారమునకు వెలుపల, రెసిడెంటు పాలనలో నుండెడిది. 1933లో అది తిరిగి నిజామునకు చెంది సుల్తాను బజారు అయినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన ఆ రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసినది. తెలంగాణమున ఊరూర గ్రంథాలయములు పుట్టుటకు ఆ నిలయమే దారిచూపినది. పరదొరల కొలువుకై కట్టిన మేడ నీడలో తెలుగు పుస్తకమునకు చోటు దొరకుట చరిత్రలోని చిత్రములలో నొకటి.

స్వాతంత్ర్యానంతరము, 1949లో, ఈ భవనమునకు మహిళా కళాశాల తరలివచ్చినది. 1924లో స్థాపితమైన ఆ కళాశాల ఇక్కడ అనేక తరముల బాలికలకు విద్యనొసగి, 2022లో మహిళా విశ్వవిద్యాలయముగా మారినది. 2024 నుండి దానికి చాకలి ఐలమ్మ పేరు వచ్చినది. కాని వేలమంది నడిచిన మెట్లు, ఏటేట వానకు తడిసిన పైకప్పు క్రమముగా శిథిలమైనవి. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అను అంతర్జాతీయ సంస్థ, ఆపదలోనున్న కట్టడముల జాబితాలో దీనిని చేర్చినది. పిమ్మట దీర్ఘకాలము మరమ్మతులు జరిగి, 2023 జనవరిలో పునరుద్ధరింపబడిన భవనమును వేడుకగా తెరచిరి.

ఇట్టి మేడలను చూడవచ్చినవారు స్తంభములను, దీపవృక్షములను చూచి ఆశ్చర్యపడుదురు. తలుపులు, కిటికీలు, మెట్ల కటకటాలు వారి దృష్టికి రావు. కాని పైకప్పున నీరు దిగినప్పుడు ముందుగా దెబ్బతినునది కొయ్యయే. చెదలు మొదట వెదకునదియు కొయ్యనే. ప్రతిదినము మనుష్యుల చేయి తగులునదియు దానికే. కావున మరమ్మతు చేయువారి ఓర్పును పరీక్షించునదియు అదియే.

మెరుగు అనగా నేమి?

కొయ్యపైనున్న మెరుగు కేవలము అందముకొరకు కాదు. చెమ్మను, మురికిని, పురుగును కొంతవరకైన దూరముగా నుంచు పలుచని కవచమది. మన దేశమున పూర్వకాలము నుండి ముఖ్యముగా రెండు విధములైన మెరుగులు వాడుకలో నున్నవి.

మొదటిది నూనె. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి క్రమముగా గట్టిపడును. కావుననే వడ్రంగులు దానిని ఎన్నుకొనిరి. కొబ్బరినూనెకు ఆ గుణము లేదు. అది ఎన్నడును ఆరక, జిడ్డుగా నిలిచి, ధూళిని పట్టును. పండుగలనాడు తలుపునకు కొబ్బరినూనె రుద్దిన యిండ్లలో, కొన్ని నెలలకే చెక్కడపు సందులలో నల్లని మడ్డి పేరుకొనుటకు కారణమిదియే.

రెండవది లక్క. మోదుగు, రేగు, పుసుగు చెట్ల కొమ్మలపై బ్రతుకు చిన్న పురుగులు తమచుట్టు అల్లుకొను గూడే లక్క. భారతములోని లక్కయింటి కథ వలన అది మండు వస్తువని బాలురకు సైతము తెలియును. ఆ లక్కను శుద్ధిచేసి, పలుచని రేకులుగా ఆరబెట్టి, స్పిరిటులో కరగించి, దూదిని మెత్తని గుడ్డలో చుట్టిన ఉండతో కొయ్యపై మరల మరల పూయుదురు. చేయి ఆడుటకు రెండు చుక్కల నూనె తగిలింతురు. ఒక్కొక్క పొర ఆరిన పిమ్మట మరియొక పొర వేయుదురు. పదుల కొలది పొరలు పడినగాని అద్దమువంటి మెరుగు రాదు. ఈ విధానము పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో బాగుగా వ్యాపించినది. సరుకు మాత్రము మన దేశపు అడవులనుండియే పోయెడిది. పాతకాలపు గ్రామఫోను పలకలను సైతము లక్కతోనే చేసెడివారు.

లక్క మెరుగునకు శత్రువులు నాలుగు: నీరు, వేడి, సారాయి జాతి ద్రవములు, సోడా. తడి నిలిచినచో తెల్లని మచ్చ ఏర్పడును. వేడిగిన్నె పెట్టినచో మెత్తబడి గుర్తు పడును. స్పిరిటు తగిలినచో కరగును. సోడానీరు తగిలినచో పొర విడిపోవును. కావుననే బట్టల సోడా కలిపిన నీటితో పాత తలుపును కడుగుట, దానిని శుభ్రపరచుట కాదు, దాని చర్మమును ఒలుచుటయే.

పాత భవనములలో ఈ మెరుగులు ఒకదానిపై నొకటి చేరియుండును. అడుగున నూనె, దానిపై లక్క, ఆపైన ఎవరో పూసిన వార్నిషు, అన్నిటికి పైన రంగు ఉండవచ్చును. తెలిసినవారు సన్నని కత్తితో గింజంత చోట ఆ పొరలను విడదీసి, భూతద్దముతో చూచి, ఏ పొర తరువాత ఏ పొర వచ్చినదో నిర్ణయింతురు. వ్రాతప్రతులు లేని యింటికి ఈ పొరలే వ్రాతప్రతులు. ఒక్కమారు గీకినచో ఆ ప్రతి మరల దొరకదు.

మేలు చేయబోయి

పునరుద్ధరణలో చెడు తలంపువలన జరిగిన నష్టముకంటె మంచి తలంపువలన జరిగిన నష్టమే యెక్కువ. హైదరాబాదు చరిత్రలోనే ఇందుకు గొప్ప నిదర్శనము కలదు. అది కొయ్యకు చెందినది కాదు, కాని అందలి వస్తువు లక్కయే.

అజంతా గుహలు నాడు నిజాము రాజ్యములోని ఔరంగాబాదు ప్రాంతమున నుండెను. 1914లో హైదరాబాదు రాజ్యమున పురావస్తుశాఖ ఏర్పడి, గులాం యాజ్దానీ దానికి తొలి అధిపతి అయ్యెను. గుహలలోని చిత్రములు గోడలనుండి విడిపోవుచుండుట చూచి, 1920 - 22 సంవత్సరముల నడుమ ఇటలీ నుండి లొరెంజో చెక్కోని, ఆర్సినీ అను నిపుణులను రప్పించిరి. వారు ఊడిపోవుచున్న పెచ్చులను గోడకు అతికించి నిలిపిరి. అది మేలైన పని. ఆ పనితోపాటు చిత్రములపై లక్క వార్నిషును కూడ పూసిరి. పూసిన నాడు రంగులు తళతళలాడినవి. కాలము గడచినకొలది ఆ లక్క పసుపువన్నెకు, పిదప గోధుమవన్నెకు తిరిగి, బోధిసత్త్వుల ముఖములను మసకపరచినది. తరువాతి దశాబ్దములలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారి రసాయన నిపుణులు ఆ వార్నిషును కొద్దికొద్దిగా తొలగించు పనికి పూనుకొనవలసివచ్చినది. పూయుటకంటె తీయుట ఎన్నో రెట్లు కష్టమైనది.

ఆ నిపుణులు చేతగానివారు కారు, నిర్లక్ష్యము చేసినవారును కారు. ఆనాటికి తెలిసినంతలో మేలే తలచిరి. అయినను ఏబదియేండ్ల తరువాత తాము పూసినది ఏమగునో వారు ఎరుగరు. నేడు పాత తలుపుపై ప్లాస్టిక్ జాతి వార్నిషును దట్టముగా పూయువారును అదియే ఎరుగరు. లక్కనైన స్పిరిటుతో కరగింపవచ్చును. గట్టిపడిన ఆ క్రొత్త వార్నిషును కొయ్యకు దెబ్బ తగులకుండ తీయుట కడు కష్టము.

ఇతర దేశములవారును ఈ పాఠమును నష్టపడియే నేర్చిరి. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండున పాత దేవాలయములను బాగుచేయుటయను పేర గోడలపైని పాత పూతలను గీకివేయుచుండగా, విలియం మారిసు మున్నగువారు 1877లో ప్రాచీన కట్టడముల రక్షణకై ఒక సంఘమును స్థాపించిరి. జనులు దానికి గీకుడు వ్యతిరేక సంఘమని ముద్దుపేరు పెట్టిరి. 1964లో వెనిసు నగరమున చేరిన నిపుణులు ఒక ఒప్పందమును వ్రాసికొనిరి. ఊహ మొదలగు చోట పునరుద్ధరణ ఆగిపోవలెననుట అందలి ముఖ్యసూత్రములలో నొకటి.

శుభ్రపరచు విధానము

పని తెలిసినవారు మొట్టమొదట కొయ్యను ముట్టరు, కప్పును చూతురు. నీరు ఎక్కడ దిగుచున్నది, చెదలు ఎక్కడినుండి వచ్చుచున్నవి అని కనిపెట్టి, వాటిని అరికట్టిన తరువాతనే మెరుగు మాట. కారుకప్పు క్రింద మెరుగు పెట్టుట వ్యర్థము. పిమ్మట ప్రతి తలుపునకు, స్తంభమునకు ఛాయాచిత్రములు తీసి, ఎక్కడ ఏ లోపమున్నదో వ్రాసికొందురు.

రెండవది పొడిగా తుడుచుట. మెత్తని కుంచెతో పైనుండి క్రిందికి, చెక్కడపు సందులలోని ధూళిని రాల్చుదురు. ముందే తడిగుడ్డ పెట్టినచో ధూళి బురదయై సందులలో గట్టిపడును.

మూడవది పరీక్ష. తలుపు వెనుకభాగమున, ఎవరి కంటను పడని చోట, రూపాయి బిళ్ళంత మేర ఎన్నుకొని, దూదితో ఒక చుక్క స్పిరిటు తాకింతురు. ఆ చోటు జిగటగా మెత్తబడినచో అది లక్క. మారకున్నచో నూనె వార్నిషో, మరియొకటియో కావచ్చును. ఈ చిన్న పరీక్ష చేయక పెద్దపని మొదలుపెట్టువాడు నాడి చూడక మందిచ్చు వైద్యునివంటివాడు.

నాలుగవది తడి శుద్ధి. సన్నని పుల్లకు దూదిచుట్టి, స్వేదనజలములో ముంచి, బాగుగా పిండి, మురికిపై దొర్లింతురు, రుద్దరు. దూది నల్లబడగానే మార్చుదురు. పేరుపొందిన ప్రదర్శనశాలలలో సైతము నిపుణులు తమ నోటి ఉమ్మినే దూదికి తగిలించి తుడుచుట కలదు. అందలి పదార్థములు జిడ్డును, మురికిని మెల్లగా విడదీయుటయే దీనికి కారణము. వంటపొగ, దీపపు మసి జిడ్డుగా పట్టినచోట మాత్రము టర్పంటైను వంటి ద్రవమును కొద్దిగా వాడుదురు. ఆ సమయమున కిటికీలు తెరచియుంచి, దీపము, చుట్ట దరికి రానీయరు.

అయిదవది మరమ్మతు. మెరుగు పోయిన చోటనే పలుచగా లక్క పూయుదురు. తలుపునంతటిని మరల మెరుగు పెట్టరు. విరిగిన ముక్కకు బదులు అదే జాతి కొయ్యను, నారల వాలు కలియునట్లు అతికి, దాని వెనుక సంవత్సరమును వ్రాయుదురు. ముందు తరమువారు పాతదేదో క్రొత్తదేదో గుర్తింపవలెను గదా.

ఇక చేయరాని పనులు. వడ్రంగులు రేగుమాలు అని పిలుచు గరుకు కాగితమును, అందులోను యంత్రమున బిగించినదానిని, చెక్కడముపై వాడరాదు. చిలుక ముక్కును, పద్మపు రేకును ఉలితో దిద్దిన అంచు ఒక్క నిమిషములో గుండ్రబడును. ఇనుపపీచు వాడరాదు. దాని తునుకలు కొయ్యలో చిక్కి, చెమ్మ తగిలినప్పుడు నల్లని మచ్చలగును. కాస్టిక్ సోడా తొట్టిలో తలుపును ముంచరాదు. అతుకులు వదలి, నారలు లేచిపోవును. పాత రంగులను పొడిగా గీకరాదు. వెనుకటి రంగులలో సీసము కలిసియుండుట కద్దు, ఆ పొడి పసిపిల్లలకు విషము. ఇండ్లకు వాడు రంగులలో సీసమును మిక్కిలి తగ్గింపవలెనను నిబంధన మన దేశమున 2017లో మాత్రమే అమలులోనికి వచ్చినది. అవిసెనూనెలో తడిసిన గుడ్డలను కుప్పగా వదలరాదు. నూనె ఆరునప్పుడు పుట్టు వేడి లోపలనే నిలిచి, నిప్పు తగులకయే అవి అంటుకొనును. వాటిని విప్పి ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచవలెను.

అన్నిటికంటె కష్టమైనది మరియొకటి కలదు. ఏది మురికి, ఏది చరిత్ర అని తేల్చుట. దీపపు మసి తొలగింపదగినదే. కాని గడియవద్ద తరతరముల చేతులు తగిలి నునుపెక్కిన పల్లము లోపము కాదు. రోజు పసుపు రాయుటచే గడపకు పట్టిన వన్నెయు లోపము కాదు. వాటిని సరిచేయబూనినచో ఆ యింట బ్రతికినవారి గురుతులను చెరపివేసినట్లగును.

నిలిచిన కొయ్య, నిలుపవలసిన కొయ్య

ఓర్పుతో చేసిన పనికి ఫలితములు హైదరాబాదులో కలవు. వికారుల్ ఉమ్రా 1884లో శంకుస్థాపన చేసి నిర్మించిన ఫలక్‌నుమా మహలులోని గ్రంథాలయమునకు అక్రోటు కొయ్యతో చెక్కిన పైకప్పు కలదు. అది ఇంగ్లండులోని విండ్సరు కోట గ్రంథాలయపు పైకప్పును పోలినదందురు. అక్కడి భోజనపు బల్ల చుట్టు ఒకేసారి 101 మంది కూర్చుండవచ్చును. ఏండ్ల తరబడి మూతబడియుండిన ఆ మహలును సుమారు పదియేండ్లు బాగుచేసి, 2010 నవంబరులో హోటలుగా తెరచిరి. చౌమహల్లా మహలు పునరుద్ధరణకు అదే 2010లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. పాతబస్తీలోని బాద్‌షాహీ ఆషూర్ఖానాలో కుతుబ్‌షాహీల నాటి రంగుపలకల ముందు, నిజామలీ ఖాన్ కాలమున చేర్చిన కొయ్యస్తంభముల మంటపము నేటికిని చూడవచ్చును.

ఇవి ప్రభువుల భవనములు. వీటికి సంస్థల అండ కలదు, ధనము కలదు, నిపుణులు కలరు. పల్లెలలోని వాకిలికి, గుడి తలుపునకు, గ్రంథాలయపు బీరువాకు అట్టి అండ లేదు. వాటిని కాపాడవలసినవారు వాటితో బ్రతుకువారే. ఈ పనికి కావలసినది గొప్ప ధనమును కాదు. మెత్తని కుంచె, కొంచెము దూది, స్వేదనజలము, కొన్ని దినముల ఓర్పు చాలును. ఒక తలుపును ఒక్కపూటలో గీకి మెరిపించు యంత్రము నేడు సులభముగా దొరకును. ఆ తలుపుపై నూరేండ్లలో చేరిన వన్నెను తిరిగి తేగల యంత్రము మాత్రము ఎక్కడను లేదు.

గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనునప్పుడు పుస్తకముల లెక్క చూచుకొందురు. ఆ లెక్కలోనే ఊరిలో మిగిలిన పాత ద్వారబంధములు, స్తంభములు, చెక్కడపు తలుపులు ఎన్నియో కూడ వ్రాసికొనుట మంచిది. ఏది ఎవరి యింటిదో, ఏ కొయ్యతో చేసినదో, ఎవరు చెక్కిరని ఇంటి పెద్దలు చెప్పుదురో వ్రాసి, ఛాయాచిత్రముతో సహా గ్రంథాలయమున భద్రపరచవలెను. ఒకవేళ ఆ యిల్లు రేపు పడిపోయినను ఆ వ్రాత నిలుచును. ఆ వ్రాతను చదివిన యువకుడొకడు, గీకుటకు సిద్ధపడిన చేతిని ఆపి, ముందుగా తలుపు వెనుక రూపాయి బిళ్ళంత చోట పరీక్షించి చూచినచో, ఈ నాలుగు మాటలు సార్థకములగును.